కొండను పట్టి ఉంచే చదువు

2025 జూన్ 6న జమ్మూ కాశ్మీర్‌లోని రియాసీ జిల్లాలో చీనాబ్ నది మీద కట్టిన రైలు వంతెనను ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. ఆ వెంటనే తెలుగు పత్రికల్లో ప్రకాశం జిల్లాలోని ఒక పల్లె పేరు మోగిపోయింది. ఆ ఊరు ఏడుగుండ్లపాడు. అక్కడ రైతు కుటుంబంలో పుట్టిన గాలి మాధవీలత బెంగళూరు ఐఐఎస్సీలో సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. ఈ వంతెన కోసం పదిహేడేళ్లు పనిచేశారు. వంతెన మొత్తం ఆమే కట్టారన్న ధోరణిలో శీర్షికలు వచ్చాయి.

కొద్ది రోజుల్లోనే మాధవీలత స్వయంగా ఒక వివరణ రాశారు. ఈ ఘనత భారతీయ రైల్వేదని, ఈ పనికి మెచ్చుకోవాల్సిన వేలమందిలో తానూ ఒకరినని అన్నారు. అసాధ్యాన్ని సాధ్యం చేశానన్న మాటలకు ఆధారం లేదన్నారు. నిర్మాణ సంస్థ ఆఫ్కాన్స్‌కు కొండవాలు జారకుండా నిలిపే పద్ధతులను రూపొందించడంలో, వాలు మీద పునాదుల డిజైన్‌లో సాయపడటమే తన పాత్ర అని స్పష్టం చేశారు.

చాలామంది దాన్ని పెద్దమనిషి వినయంగా తీసుకున్నారు. ఇంజనీర్లకు మాత్రం అది ఉన్నదున్నట్టు చెప్పిన మాట. సివిల్ ఇంజనీరింగ్‌లో వంతెన పని రెండు శాఖల మధ్య పంచుకుని ఉంటుంది. ఉక్కు, కాంక్రీటు ఎంత బరువు మోస్తాయో లెక్క కట్టేది ఒక శాఖ. ఆ బరువంతా చివరికి దిగే మట్టి, రాయి ఏం చేస్తాయో చూసేది రెండోది. మాధవీలతది రెండో శాఖ, జియోటెక్నికల్ ఇంజనీరింగ్. చీనాబ్ ఉక్కు కమాను డిజైన్‌లో ఫిన్లాండ్‌కు, జర్మనీకి చెందిన సంస్థలు పాలుపంచుకున్నాయి. కమాను పాదాలు మోపిన కొండవాలు ఐఐఎస్సీ ముందుకొచ్చిన సమస్య.

ఆ సమస్యకు కావలసిన చదువు ఆమె చేతికి ఎలా వచ్చిందన్నది వెనక్కి వెళ్లి చూడాలి. విచిత్రంగా అది మెత్తటి మట్టితో మొదలవుతుంది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నేలను నమ్మి ఇల్లు కట్టకూడదని మేస్త్రీలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పత్తికీ మిరపకూ అన్నం పెట్టే నల్లరేగడి గోడలకు మాత్రం శత్రువు. వానకు నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నెర్రెలిస్తుంది. అందులోని మాంట్‌మోరిల్లనైట్ అనే బంకమట్టి ఖనిజం పొరల మధ్యకు నీటిని లాక్కోవడమే దీనికి కారణం. ఏటా ఈ ఉబ్బడం, ముడుచుకోవడం మధ్య పడి తేలికపాటి ఇళ్ల గోడలు మూలల్లో ఏటవాలుగా చీలతాయి. అందుకే పునాది గోతిలో నల్లమట్టి తీసేసి ఇసుకో గ్రావెలో పోయించడం ఇక్కడి అలవాటు. ఏడుగుండ్లపాడు అమ్మాయి ఈ కారణంగానే మట్టి శాస్త్రం వైపు వెళ్లిందని చెప్పడానికి వీల్లేదు. డాక్టరు కావాలనుకున్నానని, ఇంట్లో అంత స్తోమత లేక ఇంజనీరింగ్‌కు వచ్చానని ఆమే చెప్పుకున్నారు. అయితే నేల కదులుతుందన్న సంగతి ఈ ప్రాంతంలో పుట్టినవాళ్లకు పాఠ్యపుస్తకం తెరవకముందే తెలుసు.

1992లో కాకినాడ జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాలలో సివిల్‌లో బీటెక్ పూర్తయింది. తర్వాత వరంగల్ ఆర్‌ఈసీ, అంటే నేటి ఎన్ఐటీలో, జియోటెక్నికల్ ఇంజనీరింగ్ ఎంటెక్‌లో బంగారు పతకం వచ్చింది. అక్కడి నుంచి మద్రాసు ఐఐటీ. 2000లో పీహెచ్‌డీ పట్టా. పరిశోధనాంశం జియోసెల్‌ల మీద నిలబెట్టిన మట్టికట్టలు.

ఈ జియోసెల్ సంగతి కాస్త నిదానంగా చూడాలి. చీనాబ్ దాకా వెళ్లే దారి ఇక్కడే మొదలవుతుంది. రోడ్డుకో రైలుకో మెత్తటి బంకమట్టి మీద ఎత్తుగా కట్ట పోస్తే రెండు ప్రమాదాలు. ఒకటి, కట్ట కిందికి కుంగడం. రెండు, కింది మెత్తటి నేల పక్కలకు పొంగి కట్టంతా జారిపోవడం. దీనికి విరుగుడుగా కట్ట అడుగున పాలిమర్ గ్రిడ్‌తో అరలు అరలుగా ఒక పరుపు లాంటిది పరిచి, ఆ అరల్ని మట్టితో నింపుతారు. అరలు ఒకదానికొకటి కలిసి ఉంటాయి కాబట్టి లోపలి మట్టి పక్కకు జరగలేదు. పైబరువు ఒక్కచోట గుచ్చుకోకుండా విశాలంగా పరుచుకుంటుంది.

మిర్చి కల్లం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఎండబెట్టిన కాయల్ని నేల మీద కుప్ప పోస్తే ఓ ఎత్తు దాటాక పక్కలకు జారిపోతాయి. అవే కాయల్ని గోనె టిక్కీల్లో కూరితే గుంటూరు యార్డులో వరస మీద వరస పేర్చుకుంటూ పోవచ్చు. కాయ మారలేదు. పక్కకు పోకుండా గోనె పట్టుకుంది, అంతే.

1999లో కె. రాజగోపాల్, ఎన్.ఆర్. కృష్ణస్వామిలతో కలిసి మాధవీలత వెలువరించిన పరిశోధన ఈ పట్టును అంకెల్లోకి తెచ్చింది. ఇసుకను ఒక అరలోనూ, కలిసి ఉన్న అనేక అరల్లోనూ నింపి ప్రయోగశాలలో నొక్కి చూశారు. రేణువుల మధ్య రాపిడి కోణం పెద్దగా మారలేదు. కానీ ఇసుకకు స్వతహాగా లేని ఒక అతుకుబలం వచ్చినట్టు ఫలితాలు కనిపించాయి. అర గోడ ఎంత గట్టిదైతే ఆ బలం అంత ఎక్కువ. మరో మెళకువ కూడా తేలింది. ఒక్క అరను పరీక్షిస్తే అసలు పరుపు ప్రవర్తన తెలియదు. కనీసం మూడు అరలైనా ఒకదానికొకటి కలిసి ఉండాలి. 2000లో మెత్తటి బంకమట్టి మీద నమూనా కట్టలు పోసి చేసిన ప్రయోగాలు ప్రచురితమయ్యాయి.

ఈ ఫలితాల వెనుక ఉన్న సూత్రం ఒకటే. మట్టికైనా పగిలిన రాతికైనా బలం చాలావరకు రాపిడి నుంచే వస్తుంది. రాపిడి పెరగాలంటే ముక్కల్ని ఒకదానికొకటి అదిమిపెట్టి ఉంచాలి. పక్కకు జరిగే సందు దొరికితే అదుము పోతుంది, దాంతో బలమూ పోతుంది. కాబట్టి నేలను బలపరచడం అంటే చాలాసార్లు దానికి కొత్త బలం తెచ్చి కలపడం కాదు. ఉన్న బలం జారిపోకుండా పట్టుకోవడం. మాధవీలత పరిశోధనలన్నిటి గుండా ఈ దారమే సాగుతుంది.

మట్టి నుంచి రాతికి మలుపు త్వరగానే వచ్చింది. 2002లో ఐఐఎస్సీ ప్రొఫెసర్ టి.జి. సీతారాంతో కలిసి పగుళ్లున్న రాతిలో తవ్వకాల మీద ఆమె పత్రం అంతర్జాతీయ రాక్ మెకానిక్స్ జర్నల్‌లో వచ్చింది. రాతి ముక్కను పరీక్షించడం తేలికే. ప్రయోగశాలలో నొక్కితే ఎంతకు పగులుతుందో తెలిసిపోతుంది. కొండ మాత్రం ఒక్క రాయి కాదు. వేల పగుళ్లతో విడివిడి దిమ్మెలుగా ఉంటుంది. ప్రతి పగులునూ కంప్యూటర్‌లో గీసి లెక్క వేయడం సాధ్యం కాదు. అందుకని మీటరుకు ఎన్ని పగుళ్లు, అవి ఏ వాలున ఉన్నాయి, పగులు వెంట రాపిడి ఎంత అన్న మూడింటినీ ఒకే అంకెగా కలిపే పద్ధతిని ఢిల్లీ ఐఐటీ ప్రొఫెసర్ టి. రామమూర్తి, ఆయన సహచరులు అంతకుముందే రూపొందించారు. ఆ అంకె ఆధారంగా పగుళ్ల కొండను మొత్తంగా కాస్త బలహీనమైన ఒకే పదార్థంగా భావించి లెక్క కట్టడం సీతారాం, మాధవీలతల పత్రం అనుసరించిన దారి. కొంత సూక్ష్మత పోతుంది, నిజమే. బదులుగా కొండంత కొండ లెక్కకు అందుతుంది.

కొంతకాలం గువాహటి ఐఐటీలో బోధించి, 2000ల తొలి ఏళ్లలో ఐఐఎస్సీ సివిల్ విభాగంలో అధ్యాపకురాలిగా చేరారు. ఆ విభాగంలో తొలి మహిళా అధ్యాపకురాలు ఆమే. సరిగ్గా అదే కాలంలో ఉత్తరాన ఒక కొండ సమస్యగా మారుతోంది.

ఉధంపూర్ నుంచి శ్రీనగర్ మీదుగా బారాముల్లా వరకు 272 కిలోమీటర్ల రైలుమార్గాన్ని 2002లో జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించారు. అందులో కాట్రా, బనిహాల్ మధ్య ఉన్న 111 కిలోమీటర్లు అన్నిటికన్నా కష్టమైనవి. ఆ భాగంలో బక్కల్, కౌరి ఊళ్ల మధ్య చీనాబ్ లోయను దాటాలి. పట్టాల ఎత్తు నదీగర్భం నుంచి 359 మీటర్లు. అంత లోతైన లోయ అడుగున స్తంభాలు లేపే మాట లేదు. కాబట్టి 467 మీటర్ల ఉక్కు కమానును ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు వేసి, దాని మీదుగా 1,315 మీటర్ల వంతెన కట్టాలని నిర్ణయించారు.

కమానుకు ఒక స్వభావం ఉంది. మామూలు స్తంభం బరువును నిటారుగా కిందికి దింపుతుంది. కమాను అలా కాదు. రెండు పాదాలతో గట్లను వెనక్కి నెడుతూ బరువు దింపుతుంది. గట్టు ఆ తోపుడికి గట్టిగా ఎదురు నిలిస్తేనే కమాను నిలుస్తుంది. పాదం పెట్టే చోటు చదును నేల అయితే ఒక రకం. ఇక్కడ అది లోయలోకి నిలువుగా దిగిపోయే వాలు. ఆ వాలులో ఉన్నది పగుళ్లతో నిండిన డోలమైట్ రాయి. పగుళ్ల దూరమూ వాలూ చోటు చోటుకూ వేరు. పైగా భూకంప ముప్పు తీవ్రంగా ఉన్న ప్రాంతం. పునాది కోసం వాలును తవ్వితే అప్పటిదాకా ఆ రాతి దిమ్మెల్ని ముందు నుంచి ఆపిన రాయి పోతుంది. అంటే బరువు పెట్టకముందే కొండకున్న పట్టు సడలుతుంది.

రాతిని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో ప్రపంచం 1959 డిసెంబరు 2 రాత్రి చూసింది. ఫ్రాన్స్‌లో ఫ్రెజూస్ పట్టణానికి ఎగువన ఉన్న మాల్పాసే అనే కాంక్రీటు కమాను ఆనకట్ట తెగిపోయి 400 మందికి పైగా చనిపోయారు. విచారణలు కాంక్రీటును వేలెత్తి చూపలేదు. ఎడమ గట్టు రాతిలోని పగుళ్ల వెంట నీటి ఒత్తిడి పెరిగి, గట్టే కదిలింది. కమాను బాగానే ఉంది, ఆనుకున్న కొండ జరిగింది. రాతి యాంత్రిక శాస్త్రం ఒక ప్రత్యేక శాఖగా వేగంగా ఎదగడానికి ఆ దుర్ఘటన ఒక కారణం. 1962లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో ఈ శాస్త్రానికి అంతర్జాతీయ సంఘం ఏర్పడింది.

చీనాబ్ గట్ల విషయంలో ఐఐఎస్సీ బృందం ముందున్న ప్రశ్న కూడా అలాంటిదే. 2010లో మాధవీలత సహరచయితగా వెలువడిన ఒక పత్రంలో ఆ లెక్కల తీరు తెలుస్తుంది. హిమాలయాల్లో దాదాపు 350 మీటర్ల ఎత్తున రాబోయే రైలు వంతెన కుడి గట్టు వాలు భూకంపంలో నిలుస్తుందా అన్నది అందులో విషయం. లెక్క రెండు విధాలుగా కట్టారు. మొదటిదానిలో భూకంపాన్ని వాలును పక్కకు నెట్టే ఒక స్థిరమైన బలంగా భావించారు. అలా చూస్తే జారనివ్వని బలాలు జార్చే బలాలకన్నా ఎక్కువగానే తేలాయి. రెండోదానిలో క్షణక్షణానికీ మారే అసలు భూకంప కదలికనే కంప్యూటర్ నమూనాకు ఇచ్చి, వాలు మీద ఏ చోటు ఎంత కదులుతుందో చూశారు. ఆ కదలికలు అనుమతించదగ్గ మేరలోనే ఉన్నాయి. మొత్తం మీద గట్టు నిలుస్తుందని రెండు లెక్కలూ చెప్పాయి. 2002 నాటి పగుళ్ల రాతి చదువు అక్కరకొచ్చింది ఇలాంటి చోటే.

మొత్తం కొండ నిలవడం ఒకటి, పునాది గోతిలో ఎదురైన ఫలానా దిమ్మె నిలవడం మరొకటి. మొదటిది కంప్యూటర్ చెప్పగలదు. రెండోది తవ్వితే గానీ తెలియదు. తవ్వుతూ పోతుంటే ముందస్తు సర్వేల్లో కనపడని సంగతులు బయటపడ్డాయి. నలిగిన రాయి, లోపల దాగిన ఖాళీలు, గజం గజానికీ మారే గుణాలు. బోరు వేసి తీసిన నమూనా ఆ బోరు ఉన్న చోటు గురించే చెబుతుంది. రెండు బోర్ల మధ్య ఏముందో ఊహించాల్సిందే. ఆ ఊహ తప్పిన ప్రతిచోటా డిజైన్ మారాలి.

మాధవీలత 2025లో చీనాబ్ పునాదుల మీద వెలువరించిన పత్రంలో ఈ పద్ధతికి పెట్టిన పేరును తెలుగులో చెప్పుకుంటే "నడుస్తూనే డిజైన్". పేరు వింటే తోచినట్టు చేసుకుపోవడం అనిపిస్తుంది. అసలు సంగతి దానికి పూర్తి విరుద్ధం. నేల శాస్త్రంలో దీనికి పాత బాట ఉంది. 1969లో అమెరికన్ ఇంజనీరు రాల్ఫ్ పెక్ లండన్‌లో ఇచ్చిన రాంకిన్ ప్రసంగంలో దీన్ని ఒక క్రమశిక్షణగా వివరించారు. ముందు, ఎదురయ్యే అవకాశం ఎక్కువగా ఉన్న పరిస్థితికి డిజైన్ చేయాలి. అంతకన్నా చెడ్డ పరిస్థితులు ఏమేం రావచ్చో అప్పుడే ఊహించి, ఒక్కొక్కదానికీ ఏం చేయాలో నిర్ణయించి పెట్టుకోవాలి. పని జరుగుతున్నంతసేపూ కొలవాలి. కొలత చెప్పినదాన్ని బట్టి మార్చాలి. మధ్యలో మార్చుకునే వీలు లేని పనికి ఈ పద్ధతి పనికిరాదని కూడా పెక్ హెచ్చరించారు. మంచి రాయి తగులుతుందని ఆశపడి తవ్వడం వేరు. చెడ్డ రాయి తగిలితే మరుసటి రోజు ఏం చేయాలో తెలిసి తవ్వడం వేరు.

చీనాబ్ దగ్గర చేతిలో ఉన్న ముఖ్యమైన సాధనం రాక్ యాంకర్. పగుళ్లను దాటి లోపలి గట్టి రాతి దాకా రంధ్రం తొలుస్తారు. అందులో ఉక్కు కడ్డీ లేదా తీగల కట్ట దించి, సిమెంటు పాలు ఎక్కించి లోపలి కొనను రాతికి అతికిస్తారు. తర్వాత బయటి కొనను లాగి బిగిస్తారు. ఆ బిగింపుతో పైదిమ్మె వెనక్కి, కొండలోకి నొక్కుకుంటుంది. పగులుకు రెండు పక్కలా ఉన్న రాయి దగ్గరకు అదుముకుంటుంది. అదుము పెరిగితే రాపిడి పెరుగుతుంది, రాపిడి పెరిగితే జారుడు ఆగుతుంది. మద్రాసులో ఇసుకకు జియోసెల్ అర చేసిన పనిని ఇక్కడ కొండకు ఉక్కు చేస్తోంది. ఎక్కడ, ఎంత లోతున, ఏ కోణంలో యాంకర్ వేయాలన్నది పగులు ఏ వాలున ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. పగులుకు సమాంతరంగా వేస్తే ఎంత ఉక్కు దించినా లాభం లేదు. తవ్వకంలో కొత్త పగులు కనిపించినప్పుడల్లా లెక్క మళ్లీ ఎందుకు కట్టాల్సి వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది. యాంకర్ల డిజైన్, వాటి స్థానాల మీద సలహా ఇవ్వడం ఐఐఎస్సీ వాటాలోని ముఖ్యమైన పని.

ఈ ఏళ్లలో ఆమె ప్రయోగశాల ఖాళీగా లేదు. ఐఐఎస్సీలో భూకంప కుదుపును అనుకరించే షేకింగ్ టేబుల్ మీద పాలిమర్ పొరలతో బలపరిచిన మట్టిగోడల నమూనాలను ఊపి చూసిన ప్రయోగాలు 2008లో వెలువడ్డాయి. గోడ వెనుక మట్టిని ఎంత దట్టంగా కూరితే కుదుపుకు ఎలా స్పందిస్తుందన్నది అందులో పరిశీలన. మళ్లీ అదే ప్రశ్న: కదలాలనుకుంటున్న నేలను దేనితో, ఎంత గట్టిగా పట్టి ఉంచాలి? 2021లో భారత జియోటెక్నికల్ సొసైటీ ఆమెను ఉత్తమ మహిళా పరిశోధకురాలిగా గౌరవించింది.

వంతెన పని నత్తనడకన సాగినట్టు బయటివాళ్లకు అనిపించింది. 2008-09లో మార్గం భద్రతపై సందేహాలతో నిర్మాణం ఆగి, మళ్లీ మొదలైంది. కమాను బిగింపు 2017 నవంబరులో మొదలై, 2021 ఏప్రిల్ 5న రెండు కొనలూ కలిశాయి. 2022 ఆగస్టులో పైవంతెన కలిసింది. ఒప్పందం కుదిరిన 2004 నుంచి కమాను ముక్క గాల్లోకి లేచేవరకు పదమూడేళ్లు. ఆగిన కాలం, బాటలు వేసుకున్న కాలం తీసేస్తే ఆ ఏళ్లలో పెద్ద వంతు కొండతోనే గడిచింది.

కొండ మాట ఎంత బలమైనదో అదే రైలుమార్గంలో అంజీ ఖడ్ వంతెన దగ్గర ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ కూడా మొదట కమానే అనుకున్నారు. అక్కడి నలిగిన కొండ కమాను తోపుడికి ఆగదని తేలాక ఆ ఆలోచన వదిలేసి, ఒకే ఒక్క పొడవాటి స్తంభం నుంచి తీగలతో వేలాడే వంతెనకు మారారు. పునాది నుంచి ఆ స్తంభం ఎత్తు 193 మీటర్లు, దానికి 96 తీగలు. రెండు వంతెనలూ ఒకే రోజున ప్రారంభమయ్యాయి. ఎలాంటి వంతెన కట్టాలో ఇంజనీరు కాగితం మీద గీసుకోవచ్చు. ఒప్పుకోవాల్సింది మాత్రం రాయి.

ప్రారంభోత్సవానికి తొమ్మిది రోజుల ముందు, 2025 మే 28న, ఇండియన్ జియోటెక్నికల్ జర్నల్ మహిళల ప్రత్యేక సంచికలో మాధవీలత పత్రం వెలువడింది. చీనాబ్ పునాదుల దగ్గర ఏం ఎదురైంది, డిజైన్ ఎలా మారుతూ వచ్చింది అన్నది అందులో విషయం. ప్రచార హోరులో అంతగా ఎవరూ పట్టించుకోని ఈ పత్రం, నా లెక్కలో, ఈ కథలో ఎక్కువ కాలం నిలిచే భాగం. ఉత్తరాఖండ్‌లో రిషికేశ్ నుంచి కర్ణప్రయాగ వరకు 125 కిలోమీటర్ల కొత్త రైలుమార్గం హిమాలయాల కొండల గుండానే సాగుతోంది. అలాంటి చోట రేపు వాలు తవ్వబోయే యువ ఇంజనీరుకు చీనాబ్ వంతెన ఫొటో పనికిరాదు. సర్వేలో లేని ఖాళీ గోతిలో బయటపడినప్పుడు ఇంతకుముందు వాళ్లు ఏం చేశారో చెప్పే పేజీలు పనికొస్తాయి. ప్రొఫెసర్ చేతిలో ఉన్న అసలు పని అదే. ఒక కొండ దగ్గర నేర్చుకున్నదాన్ని మరో కొండ దగ్గర వాడుకునేలా రాసిపెట్టడం.